హంస లేని చెరువు

వేదాంత పరిభాషలో హంసశబ్దానికి ఉన్న గౌరవం మరే పక్షినామానికీ లేదు. పరమాత్మ హంస. దేహపంజరంలో మసలే జీవుడు హంస. సర్వసంగ పరిత్యాగం చేసిన యతి పరమహంస. ఉచ్ఛ్వాస నిశ్వాసల రూపంలో అహోరాత్రాలు సాగే అజపాజపం హంసమంత్రం. నిమిషానికి 15 శ్వాసల చొప్పున దినానికి 21,600 జపాలని యోగశాస్త్రాల గణన. పాలను నీటినుండి వేరుచేసే నేర్పును హంసకు ఆరోపించి, నిత్యానిత్య వస్తువివేకానికి ఆ పక్షినే సంకేతంగా నిలిపారు పెద్దలు.

గుంతకల్లులో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి పొందిన ఒక అయ్యవారు ఈ విషయాన్ని ముప్పై ఏళ్ళపాటు రామాలయ మంటపంలో ప్రవచించారు. ఒక ధనుర్మాసపు రాత్రి ప్రవచనం ముగించుకొని ఇంటికి నడుస్తుండగా వారి ధర్మపత్ని అడిగింది: "ఏమండీ, ఇన్నేండ్లుగా చెప్తాండారు కదా, ఆ హంసను మీరెప్పుడైనా చూసినారా?"

"అది కండ్లతో చూసేది కాదు, అర్థం చేసుకునేది" అని ఆయన నవ్వారు. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. ప్రవచనకర్తకు తగిన సమాధానమే అది. అయితే అడిగిన ప్రశ్నకు సమాధానం కాదు.

మరి రెండేళ్ళకు ఆషాఢమాసంలో ఆమె వ్యాధిగ్రస్త అయింది. ఆసుపత్రిలో చివరి రాత్రి అయ్యవారు మంచం ప్రక్కన కూర్చొని ఆమె శ్వాసలను లెక్కించారు. నిమిషానికి 15 కాదు, ఒక నిమిషం ముప్పై, మరొక నిమిషం ఎనిమిది. తెల్లవారుజామున లెక్క ఆగింది. "హంస లేచిపోయిందప్పా" అన్నాడు గుమ్మం దగ్గర నిలిచిన ఒక వృద్ధ బంధువు.

కర్మకాండ యథావిధిగా జరిగింది. పరామర్శకు వచ్చినవారికి అయ్యవారే ధైర్యం చెప్పి పంపారు. ఆత్మకు రాకపోకలు లేవు, ఆమె ఎక్కడికీ పోలేదు అని ఆయన ప్రశాంత స్వరంతో అంటూ ఉంటే, శాస్త్రజ్ఞానం ఇట్లా ఉపకరించాలి కదా అని అందరూ ప్రశంసించారు. ఆయన కంట నీరు ఎవరూ చూడలేదు. మాసికాలు గడచిన తరువాత ప్రవచనాలు మళ్ళీ మొదలయ్యాయి. కాని హంస ప్రస్తావన వచ్చే ఘట్టాన్ని మాత్రం ఆయన దాటవేయసాగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగవలసిన మనిషి లేదు.

ఆయన పూర్వశిష్యుడొకడు రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేస్తున్నాడు. సెలవు దినాలలో దుర్భిణి మెడకు తగిలించుకొని చెరువుల వెంట తిరగడం అతని వ్యసనం. గురువుగారిని చూడవచ్చిన ఒక సాయంకాలం, వారే అడిగారు: "ఒరే, హంస అనేది నిజంగా ఉందా?"

"ఉంది అయ్యవారూ. కాని ముందు రేపు తెల్లారి మన చెరువుకు రండి. ఒక్కసారే హంస దగ్గరికి పోలేము."

మరునాటి ఉదయం అయ్యవారు చెరువుగట్టు ఎక్కగానే అవతలి ఒడ్డున తెల్లని పక్షుల బారు కనిపించింది. "అవిగో హంసలు" అని ఆయన ఉత్సాహంగా చేయి చాచారు. శిష్యుడు దుర్భిణిని వారి చేతికిచ్చాడు. పొడవైన నల్లని కాళ్ళు, సన్నని మెడ, బల్లెంవంటి ముక్కు. అవి ఏడాది పొడుగునా ఆ చెరువులోనే ఉండే కొంగలు.

శిష్యుడు నవ్వలేదు. ఒక్క నియమం చెప్పాడు: పేరు చివర రావాలి. మొదట పరిమాణం చూడాలి. పిచ్చుకంతా, కాకియంతా, గ్రద్దయంతా? పిదప ముక్కు ఆకృతి, కాళ్ళ రంగు, తోక కదలిక, ఏమి చేస్తున్నది, నీటిలోనా, బురదలోనా, గట్టుమీదనా? ఇవన్నీ చూసిన తరువాత, మిగిలిన అవకాశాలన్నిటినీ కాదనుకుంటూ వచ్చి, కాదనరానిదానికి పేరు పెట్టాలి. ముందే పేరు పెట్టుకున్నవాని కంటికి పక్షి కనబడదు, పేరే కనబడుతుంది.

అయ్యవారు నిలువునా ఆగిపోయారు. రజ్జుసర్ప న్యాయాన్ని ఆయన ఎన్నివందల సార్లు వివరించి ఉంటారో! మసక వెలుతురులో త్రాటిమీద పామును ఆరోపించడం అధ్యాస. దీపం తెచ్చి చూచి ఆ ఆరోపాన్ని తొలగించడం అపవాదం. నిండు పగటివెలుగులో కొంగమీద హంసను ఆరోపించిన తాను ఆ న్యాయాన్ని ఎంతవరకు అర్థం చేసుకున్నట్లు?

ఆ రోజే ఆయన రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నారు. తేదీ, తిథి, సమయం, స్థలం, వాతావరణం, పక్షి, సంఖ్య అని గీతలు గీశారు. ఆశ్వయుజంలో, దసరా వెళ్ళిన వారానికి, గట్టుమీద తోకను క్రిందికీ మీదికీ ఆడిస్తూ పరుగులు తీసే ఒక చిన్న పిట్ట కనిపించింది. క్రితం వారం అక్కడ అది లేదు. నియమం ప్రకారం అన్నీ చూచి, పొట్టపై పసుపు, వీపుపై బూడిదవర్ణం వ్రాసుకొని, పుస్తకంలోని బొమ్మలతో పోల్చారు. అది ఖంజరీటం. నాయిక కన్నులకు ఉపమానంగా ప్రబంధ పాఠాలలో ఆయన వేలసార్లు పలికిన పేరు. వరాహమిహిరుని బృహత్సంహితలో దీని దర్శనఫలాలకు ఒక అధ్యాయమే ఉంది. శరత్కాలంలో ఈ పిట్ట కనబడటాన్ని ప్రాచీనులు అంత శ్రద్ధగా గమనించడానికి కారణం ఆనాడు ఆయనకు స్పష్టమయింది. హిమాలయ వాగుల ఒడ్డున గూడుకట్టి పిల్లలను పెంచిన ఈ జాతి, వర్షర్తువు వెనుదిరిగాక దక్షిణానికి దిగివస్తుంది. ఉపమానం పుట్టడానికి ముందు ఎవరో ఒకరు గట్టుమీద కూర్చొని పిట్టను చూశారన్నమాట.

వలస అంటే చలికి వెరచి పారిపోవడమని ఆయన అనుకొనేవారు. అది సగమే నిజం. ఉత్తరభూములలో వేసవి పగళ్ళు దీర్ఘం, ఆహారం పుష్కలం, పిల్లలను పెంచడానికి అనుకూలం. శీతకాలంలో నీరు గడ్డకట్టి, పురుగులూ పచ్చికా దొరకవు. కనుక ఆహారమూ సంతానమూ అనే రెండు ప్రయోజనాల మధ్య జరిగే గమనాగమనమిది. పగటి నిడివిలో కలిగే మార్పు వాటి దేహంలో ప్రయాణ సంకల్పాన్ని మేల్కొల్పుతుంది. బయలుదేరే ముందు అవి విస్తారంగా తిని క్రొవ్వును పాథేయంగా కూడగట్టుకుంటాయి. సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం వాటికి దిక్కు చూపుతాయి. సైబీరియా ఉత్తర తీరాలనుండి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాలను కలిపే మధ్య ఆసియా వలసమార్గంలో భారతదేశం ముఖ్యమైన విడిది.

దారి తెలియడం కూడ అన్నిటికీ ఒకే విధం కాదు. చాతకం పరాయిగూటిలో గ్రుడ్డు పెడుతుంది. ఆ పిల్ల తల్లిదండ్రులను ఎరుగదు. అయినా ఉత్తరభారతంలో పుట్టిన చాతక శిశువు కాలం రాగానే ఎవరూ చెప్పకుండానే ఆఫ్రికాదిశగా ఎగురుతుంది. హంసజాతి వేరు. పిల్లలు మొదటి ప్రయాణాన్ని తల్లిదండ్రులతో కలిసి చేసి, పెద్దల వెంటనే దారి నేర్చుకుంటాయి. ఒకటి సంస్కారబలం, మరొకటి సంప్రదాయబలం అని అయ్యవారు పుస్తకం అంచున వ్రాసుకున్నారు. వెంటనే దానిని కొట్టివేసి, "పిల్లలు పెద్దలతో వస్తాయి" అని మాత్రం ఉంచారు. చూడకముందే సిద్ధాంతం చేయడం తన పాత అలవాటని ఆయనకు అప్పటికి తెలిసివచ్చింది.

అట్టి తొందర ఒక్కరిది కాదు. చిలమత్తూరు దగ్గరి వీరాపురానికి ఏటా గూళ్ళు కట్టడానికి వచ్చే రంగురెక్కల కొంగలు సైబీరియానుండి వస్తాయని అయ్యవారు ఎన్నోసార్లు విన్నారు, పలుమార్లు చెప్పారు కూడ. పెయింటెడ్ స్టార్క్ అనే ఆ కొంగలు ఈ ఉపఖండపువే. నీటినీ ఆహారాన్నీ అనుసరించి దేశంలోనే చోటు మారుతూ ఉంటాయి. ఈ సత్యం తెలియడంవల్ల వీరాపురం గ్రామస్థుల ధర్మం ఇసుమంతైనా తగ్గలేదు. దూరదేశపు అతిథి అయినా, పొరుగు చెరువునుండి వచ్చిన ప్రాణి అయినా, తమ చెట్టుమీద గూడు కట్టుకున్నదానిని వారు కాచుకుంటూనే ఉన్నారు. పుణ్యానికి సైబీరియా అక్కర లేదు.

పుష్యమాసంలో శిష్యుడు వచ్చి, "ఇంక పోదాం అయ్యవారూ" అన్నాడు.

గుంతకల్లునుండి బళ్ళారి, హొసపేట, కొప్పళల మీదుగా గదగకు రైలు. అక్కడినుండి లక్ష్మేశ్వరం దారిలో సుమారు 25 కిలోమీటర్లు పోతే మాగడి గ్రామం, దాని చెరువు. 2024లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరిన తటాకమది. ఇద్దరూ సూర్యోదయానికి ముందే గట్టు చేరారు. పొగమంచులో మొదట ధ్వని వినిపించింది. ముక్కుతో పలికినట్లు "ఆంగ్, ఆంగ్" అని పైనుండి దిగివచ్చే పిలుపులు. ఆ ధ్వనిలో "హం" "సః" అనే అక్షరాలను వినాలని అయ్యవారి మనస్సు ఉవ్విళ్ళూరింది. ఆయన దానిని అదుపుచేసి, విన్నది విన్నట్లే వ్రాసుకున్నారు.

మంచు విడిచింది. నీటిమీద వందలు కావు, వేలు. బూడిదరంగు కలిసిన తెల్లని దేహం, పసుపు ముక్కు, నారింజవర్ణపు కాళ్ళు. తెల్లని తల వెనుక అడ్డంగా రెండు నల్లని పట్టెలు, నామం దిద్దినట్లు కాదు, కేవలం రెండు నల్లని పట్టెలు. ఆంగ్లంలో బార్‌హెడెడ్ గూస్, శాస్త్రీయనామం ఆన్సర్ ఇండికస్. ఆ లాటిన్ ఆన్సర్ శబ్దమూ సంస్కృత హంసశబ్దమూ ఒకే మూలధాతువునుండి పుట్టినవి. రాత్రివేళ చుట్టుప్రక్కల పొలాలలో గడ్డీ గింజలూ మేసి, ఉదయానికి చెరువు చేరుకొని విశ్రమించడం వీటి దినచర్య. పాలూ నీరూ వేరుచేసే విద్య వీటికి లేదు. రవివర్మ చిత్రంలో దమయంతి ఎదుట నిలిచిన ధవళహంసకున్న పొడవైన వంపుమెడా లేదు. చూడటానికి పెద్ద బాతులు.

అయితే ఈ బాతులు చేసి వచ్చిన పని సామాన్యమైనది కాదు. టిబెట్టు, లడఖ్, మంగోలియాల ఎత్తయిన సరస్సుల దగ్గర ఇవి పిల్లలను పెంచుతాయి. మానససరోవర ప్రాంతమూ వీటి వేసవి నివాసమే. మంగోలియాలో మెడకు పట్టీ తగిలించి విడిచిన పక్షులు కర్ణాటక చెరువులలో కనబడిన సందర్భాలున్నాయి. నడుమ హిమాలయం. 5,500 మీటర్ల ఎత్తున గాలిలోని ప్రాణవాయువు సముద్రమట్టంలో ఉన్నదానిలో సగమే. ఈ పక్షి రక్తంలోని హీమోగ్లోబిన్ ఆ కొద్దిపాటి ప్రాణవాయువునే గట్టిగా గ్రహిస్తుంది. ఊపిరి దీర్ఘంగా తీస్తుంది. మేఘసందేశంలో కాళిదాసు రాజహంసలను మేఘానికి తోడుగా కైలాసానికి పంపుతూ క్రౌంచగిరిలోని హంసద్వారాన్ని వర్ణించాడు. పర్వతాల సందుగుండా హంసలు దాటుతాయని ఆనాటికే తెలుసు. కవి వాటిని ఆషాఢ మేఘంతో పంపాడు. మన దక్షిణాది చెరువులనుండి మాత్రం అవి ఫాల్గుణ చైత్రాలలోనే, మేఘం రాకముందే వెళ్ళిపోతాయి.

ఎవరెస్టు శిఖరంపైగా తిన్నగా ఎగిరిపోతాయని కదా చెప్పుకుంటారు అని అయ్యవారు అడిగారు. శిష్యుడు తాను చదివినది చెప్పాడు. పక్షుల దేహంలో చిన్న పరికరాలు అమర్చి చేసిన పరిశోధన 2015లో వెలువడింది. అవి ఒకసారి ఎత్తుకెక్కి అక్కడే నిలిచి సాగవు. నేల పైకి లేస్తే తామూ లేస్తాయి, లోయ వస్తే దిగుతాయి, మళ్ళీ ఎక్కుతాయి. సంపాదించిన ఎత్తును పోగొట్టుకొని తిరిగి సంపాదించడం వృథాశ్రమ అనిపిస్తుంది. కాని పలుచని గాలిలో ఎత్తున నిలిచి ఎగరడంకంటె దిగి ఎక్కడమే తక్కువ శ్రమ. 7,290 మీటర్ల దాకా ఎగిరినట్లు నమోదయింది గాని, ప్రయాణంలో అధికభాగం 6,000 మీటర్లకు లోపలే జరుగుతుంది.

అయ్యవారు చాలాసేపు పలుకలేదు. భార్య పోయిననాటినుండి తాను ఒకే ఎత్తున నిలిచి ఎగురుతున్నట్లు, లోయలోకి ఒక్కసారైనా దిగనట్లు, ఊపిరి అందక అలసిపోయినట్లు ఆయనకు తోచింది. ఇది పక్షి చెప్పిన పాఠం కాదు. పక్షి తన పని తాను చేసుకుంటున్నది. నీటివంక చూస్తూ ఆయన అలవాటుగా ఎడమప్రక్కకు తిరిగి, "చూస్తివా?" అన్నారు. ఎడమప్రక్క ఎవరూ లేరు. కుడిప్రక్కనున్న శిష్యుడు విని, విననట్లు దుర్భిణి అద్దాలు తుడుచుకున్నాడు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు ఆయన ఒంటరిగా మళ్ళీ మాగడి వెళ్ళారు. వలసను ఎరగాలంటే రెండు తేదీలు కావాలి, మొదట కనబడిన రోజు, ఇక కనబడని రోజు. "కనబడినవాటిని అందరూ వ్రాస్తారు అయ్యవారూ, కనబడలేదని వ్రాసేవాళ్ళే తక్కువ" అని శిష్యుడు చెప్పి ఉన్నాడు.

ఆ మాట విన్నప్పుడు ఆయనకు స్ఫురించినది అనుపలబ్ధి. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తులతోపాటు భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అంగీకరించిన ఆరవ ప్రమాణం. గదిలో ఘటం లేదన్న జ్ఞానం ఎట్లా కలుగుతుంది? ఘటం కనబడకపోవడం చేతనే. అయితే దానికొక నియమం ఉంది. చీకటిగదిలో కనబడలేదు కనుక లేదనడానికి వీలులేదు. ఉంటే తప్పక కనబడవలసిన పరిస్థితిలో కనబడకపోవాలి. అదే యోగ్యానుపలబ్ధి. పక్షి పరిశీలకుడు పాటించేదీ సరిగా అదే. మంచులో చూచి లేవనరాదు, ఐదు నిమిషాలు చూచి లేవనరాదు.

కనుక అయ్యవారు సూర్యోదయంనుండి సూర్యాస్తమయం దాకా గట్టుమీదనే ఉన్నారు. ఆకాశం నిర్మలం, వెలుతురు నిండు, నీరు కొంత తగ్గినా చెరువు నాలుగువైపులా కంటికి అందుతున్నది. కొంగలున్నాయి, నీటికాకులున్నాయి. ఉదయం చేరుకునే వేళలో ఆకాశంనుండి ఏ పిలుపూ దిగిరాలేదు. సాయంకాలం పొలాలకు లేచే వేళలో ఏ బారూ లేవలేదు. పుస్తకం తెరచి, పేరు వ్రాసి, సంఖ్య గడిలో సున్న చుట్టారు. వివరణగా "లేవు" అని వ్రాశారు.

ఆ మాట వ్రాసిన చేయి కదలలేదు. ఆత్మకు రాకపోకలు లేవన్నది పరమార్థం. అది ఆనాడూ సత్యమే, ఈనాడూ సత్యమే. కాని వ్యవహారంలో ఒక మనిషి ఉండేది, ఇప్పుడు లేదు. ఉంటే తప్పక కనబడవలసిన వంటింట్లో, తులసికోట దగ్గర, ఎడమప్రక్కన, నిండు వెలుతురులో, రెండు సంవత్సరాలుగా కనబడలేదు. ఇదీ ప్రమాణసిద్ధమైన జ్ఞానమే. పరమార్థాన్ని అడ్డుపెట్టుకొని ఈ జ్ఞానాన్ని ఆయన గుమ్మంలోనే నిలిపివేశారు. అది వైరాగ్యమని లోకం అనుకుంది, తానూ అనుకున్నారు. ఆ సాయంకాలం మాగడి గట్టుమీద, ఎవరూ లేని చోట, ఆయన తనివితీరా ఏడ్చారు. చీకటిపడ్డాక ఒక గొర్రెల కాపరి వచ్చి కన్నడంలో బస్సు వేళ చెప్పి, రోడ్డుదాకా తోడువచ్చాడు.

హంసలు మార్గశిరంలో మళ్ళీ వచ్చాయి. వాటితో కొత్తపిల్లలున్నాయి. నల్లపట్టెలు ఇంకా స్పష్టపడని లేతతలలు పెద్దల నడుమ ఈదుతూ కనిపించాయి. తిరిగివచ్చిన గుంపును చూచి, పోయినవారూ ఇట్లే తిరిగివస్తారని ఒక ఉపన్యాసం అల్లడం ఆయనకు ఎంతో సులభం. ఆయన అల్లలేదు. పోయిన ఏటి పక్షులన్నీ రాలేదని, ఏవి రాలేదో తెలియదని, వచ్చినవి మాత్రం వచ్చాయని వ్రాసుకున్నారు.

ఆ ధనుర్మాసంలో రామాలయ మంటపంలో హంస ప్రస్తావన వచ్చినప్పుడు అయ్యవారు దాటవేయలేదు. ముందుగా రెండు నల్లని పట్టెలనూ, పసుపు ముక్కునూ, పలుచని గాలిలో దీర్ఘంగా తీసే ఊపిరినీ వర్ణించారు. పిదప లోయలోకి దిగి ఎక్కే దారిని చెప్పారు. ఆ తరువాతనే అజపాజపానికి వచ్చారు. వెనుక వరుసలోని ఒక ముసలమ్మ అడిగింది: "సామీ, నువ్వు ఆ హంసను కండ్లారా చూసినావా?"

"చూసినాను తల్లీ. అది లేని చెరువునూ చూసినాను. రెండూ చూస్తేనే చూసినట్లు."

ఆ రాత్రి ఆయన మరొక మాట కూడ చెప్పారు. హంసకోసం మాగడి దాకా పోలేనివారు మన చెరువుకు వచ్చినా చాలు, ఖంజరీటం వచ్చి ఉంది. పక్షికి దగ్గరగా పోయి బెదరగొట్టరాదు, ప్రయాణానికి దాచుకున్న బలాన్ని అది మనవల్ల పోగొట్టుకుంటుంది. సూర్యుడు వీపువైపు ఉండేటట్లు నిలవాలి. ఒక పుస్తకం, ఒక పెన్సిలు తెచ్చుకోవాలి.

మరునాటి తెల్లవారుజామున గట్టుమీదికి ఏడుగురు వచ్చారు, ఆ ముసలమ్మతో సహా. తూర్పు ఎరుపెక్కుతుండగా నీటి అంచున ఏదో చిన్నది కదిలింది. ఒక కుర్రవాడు దాని పేరు చెప్పబోయాడు. అయ్యవారు మెల్లగా చేయెత్తి ఆపారు.

"పేరు తరువాత నాయనా. ముందు చూడు."